కుడి నుంచి ఒకటి

ఆయన చనిపోయిన సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గర వరుసలో కూర్చుని ఉన్నాను. పక్కనున్న ముసలాయన నా వైపు రెండు మూడుసార్లు చూసి, "నువ్వు సిరిసిల్ల లారి అక్కవు గద" అన్నాడు. ఒకప్పుడు కోరుట్ల మార్కెట్లో పసుపు బస్తాలు మోసిన మనిషి. "మీ ఉస్తాద్ పోయిండు. మొన్నటిది కాదు, దాని ముందటి శుక్రవారం. నీకు కబురు రాలేదా?" అని అడిగాడు.

రాలేదన్నాను. నాకు కబురు పంపాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచి ఉండదు. ముప్పై ఏడేళ్లుగా నేను ఆ వైపు పోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. చెప్పకూడని చోట ఒకసారి చెప్పాను, అది చాలు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల మధ్య తిరిగే డ్రైవర్లందరికీ ఆయన ఉస్తాదే. నేను మాత్రం భాయి అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు.

మా లారీ మేము కొనేనాటికే పాతది. సిరిసిల్ల నుంచి గుడ్డ తాన్లు వేసుకుని పోయి, వచ్చేటప్పుడు కోరుట్ల నుంచి పసుపు తెచ్చేది. నా భర్త ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాక మా తమ్ముడు నడపడం మొదలుపెట్టాడు. వాడికి నడపడం వచ్చు. బానెట్ కింద ఏముందో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. 1986 మార్చి మొదటి సోమవారం రుద్రంగి దాటాక గుట్టల మధ్య ఇంజను లోపల టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఇంకో లారీకి తాడు కట్టించి కోరుట్లలో ఆయన షెడ్డుకు చేర్చారు.

రెండు రోజుల తర్వాత తమ్ముడు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. ఆ మిస్త్రీకి పిచ్చి అన్నాడు. బండి గలవాళ్లు ఎవరో ఒకరు పక్కన నిలబడి, ఏం విప్పాడో ఏం బిగించాడో చూస్తే తప్ప పని చేయడట. పని అయ్యాక కూడా, నేను ఏం చేసిన్నో చెప్పు అని పాఠం అప్పజెప్పించుకుని గాని బండి ఇవ్వడట. తమ్ముడు మొదటిరోజే టైరుకు ఆనుకుని నిద్రపోయాడు. ఆయన పానాలు కింద పెట్టి ఇంటికి పొమ్మన్నాడు.

పోట్లాడడానికి మరునాడు నేను బస్సెక్కాను. షెడ్డుకు పోయేసరికి లారీ కింద నుంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎవరు?" అన్నాయి పాదాలు.

"లారి మాది."

"మీ ఆయన?"

"మంచంల ఉన్నడు."

"ఆ తమ్మి?"

"వానికి నిద్రొస్తది."

కింద నవ్వు వినిపించింది. కాసేపు ఏదో గీకుతున్న చప్పుడు. తర్వాత, "కండె చుట్టొస్తదా నీకు?" అని అడిగాడు.

"ఏడేండ్లప్పటి సంది చుడుతున్న."

"తెగిన పోగు దొరకబట్టొస్తదా?"

"రాకుంటె సాలోళ్ల ఇంట్ల అన్నం పెడ్తరా?"

"అయితే రా చెల్లె. అందుల వేల పోగులుంటయి. ఇందుల ఆరే."

అప్పుడు బయటికి వచ్చాడు. పొట్టి మనిషి, నలభై ఐదేళ్లుంటాయి, ఎడమ మణికట్టుకు గుడ్డపీలిక చుట్టి ఉంది. నన్ను తేరిపార చూడలేదు. నేరుగా పోయి రోడ్డు వైపు తాటిపత్రి పరదా దించి కట్టాడు. అప్పటికే నలుగురైదుగురు మూగి ఉన్నారు. ఇంజను విప్పినప్పుడు దుమ్ము పడొద్దని వాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత నేను పోయిన ప్రతిసారీ ఆ తాటిపత్రి దిగేది, ఇంజను విప్పినా విప్పకపోయినా.

మా ఆయన పాత చొక్కా చీర మీద తొడుక్కుని లారీ కింద వెల్లకిలా పడుకున్నాను. మొదటిరోజు అరగంట సేపు ఒక నట్టుతో పెనుగులాడాను. ఊడదీస్తున్నాననుకుని ఇంకా బిగిస్తున్నాను. వెల్లకిలా పడుకుంటే పానా ఏ పక్కకు తిప్పాలో తెలియలేదు. ఆయన పక్కనే కూర్చుని అరగంటా చూశాడు. చివరికి, "నట్టు తిరగలే చెల్లె, నువ్వు తిరిగినవ్" అన్నాడు. పని నేర్పడంలో ఆయన పద్ధతి అది. తప్పు పూర్తిగా అయ్యేదాకా ఆగేవాడు.

నేను చేసిన పెద్ద తప్పు ఆ వారంలోనే జరిగింది. ఇంజను అడుగున ఆరు రాడ్లు ఉంటాయి. ఒక్కో రాడ్డుకు అరచందమామ లాంటి ఇనుప మూత. దాన్ని క్యాపు అంటారు. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే పోవాలి, మారితే ఇంజను తిరగదు. ఆయన ఆరు క్యాపులూ విప్పి గోనెపట్టా మీద వరుసగా పేర్చి, కడిగి ఉంచమని చెప్పి శుక్రవారం నమాజుకు పోయాడు. నేను డీజిలుతో కడిగాను. వరుస తప్పకూడదని కాగితం ముక్కల మీద ఒకటి నుంచి ఆరు దాకా రాసి కింద పెట్టాను. ఆయన వచ్చి లారీ కిందికి దూరి, "ఒకటి ఇయ్యి" అన్నాడు. ఒకటి ఇచ్చాను. రెండు అంటే రెండు ఇచ్చాను. ఆరూ బిగించాక, రాడ్లు పట్టుకున్న క్రాంకు ఇరుసును తిప్పితే కదల్లేదు.

ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉన్నాడు. "ఒకటి ఎటు దిక్కు నుంచి పెట్టినవ్?" అని అడిగాడు.

"ఎడమ దిక్కు నుంచి."

మడమల మీద కూర్చుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆయన క్యాపులు పేర్చింది కుడి నుంచి ఎడమకు. చిన్నప్పుడు మసీదులో చదువు అటు నుంచే మొదలైందట. చదువు అక్కడితో ఆగిపోయినా చెయ్యి ఆ దారి మరవలేదు. లారీకి ఎడమ పక్కన నిలబడితే ఆయన కుడిచేతికి గేరుబాక్సు వస్తుంది, అందుకని ఆయన లెక్క గేరుబాక్సు వైపు నుంచి మొదలయ్యేది. మిగతా మెకానిక్కులంతా ముందున్న రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడతారు. ఈ సంగతి కనుక్కుని వచ్చి ఆయనకు చెప్పాను. మీరు చేసేది లోకానికి ఎదురు అన్నాను.

"రానియ్యి లోకాన్ని అటు నుంచి. ఆరు ఎటు నుంచి లెక్కబెట్టినా ఆరే గద" అన్నాడు.

ఆ సాయంత్రం ఆరూ మళ్లీ విప్పి మళ్లీ బిగించాము. మరునాడు ఒక విరిగిన మూడుపలకల ఆకురాయి తెచ్చి, కొస అరగదీసి, నాకు ఒక పంచి చేసి ఇచ్చాడు. ఆయన దగ్గర అలాంటిదే ఒకటి ఉండేది. దాన్ని సుత్తితో కొడితే ఇనుము మీద మూడుమూలల చుక్క పడుతుంది. ఒకటో క్యాపుకు ఒక చుక్క, రెండోదానికి రెండు, అట్లా. ఇక ఎవరు కడిగినా వరుస పోదు. నేను కూడా ఆయన లెక్కనే పట్టుకున్నాను, గేరుబాక్సు వైపు నుంచి ఒకటి. పనివాళ్లను పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. పెట్టుకుంటే అరవాల్సి వస్తుందని, అరిస్తే ఇంజను చప్పుడు వినరాదని చెప్పేవాడు. కాబట్టి ఆ ప్రాంతంలో మూడుమూలల చుక్కలు వెనక నుంచి కొట్టేవాళ్లం ఇద్దరమే. ఆయన, నేను.

రెండున్నరేళ్లలో నేను ముప్పై ఒక్కసార్లు ఆ షెడ్డుకు పోయాను. పోయిన తేదీ, చేసిన పని రాసుకునేదాన్ని. ఆయనకు అది నవ్వులాట. వాల్వుల సందు చూడడానికి ఆయన పోస్టుకార్డు ముక్క వాడేవాడు. నేను కరీంనగర్ నుంచి ఉక్కు ఆకుల గేజీ తెప్పించి ఆయన పనిని కొలిచాను. పన్నెండింటిలో పదకొండు సరిగ్గా ఉన్నాయి, ఒకటి వదులుగా ఉంది. చెప్పాను. సరిచేశాడు. మరునాటి నుంచి వచ్చిన ప్రతి డ్రైవరుకూ నన్ను చూపించి, "జర పైలం, మా మాస్టరమ్మ పరీక్ష పెడ్తది" అనేవాడు. నేను వేరే గ్లాసులో మంచినీళ్లు తాగుతానేమోనని మొదటి వారంలోనే కొత్త స్టీలు గ్లాసు కొని మేకుకు తగిలించాడు. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు నేను ఆయన గ్లాసే అందుకుని తాగాను. చూశాడు. మేకు మీది గ్లాసులో ఆ రోజు నుంచి నట్లు వేసుకున్నాడు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద బండిని ఇద్దరు ఆపేవారు. గుట్టల్లో అన్నలు, ఊరి బయట పోలీసులు. ఇద్దరూ అడిగేది ఒక్కటే, ఎవరు ఎక్కారు, ఎక్కడ దిగారు అని. మా తమ్ముడు ఎవరికీ ఏమీ తెలియదనే చెప్పేవాడు. ఉస్తాద్ పద్ధతి ఇంకా గట్టిది. తనకు బండి కనిపిస్తుందని, బండిలోంచి దిగిన మనిషి కనిపించడని అనేవాడు. ఆయన నేర్పినవన్నీ నాకు వచ్చాయి, ఇది తప్ప. ఎదుటివాళ్లు తప్పు లెక్క చెబితే సరిదిద్దకుండా ఉండలేని నోరు నాది.

1988 జూన్ రెండో వారంలో బుధ, గురు, శుక్రవారాలు షెడ్డు మూసి ఉందని తమ్ముడు చెప్పాడు. శనివారం నేను పోయాను. తెరిచే ఉంది. ఎటు పోయినవ్ భాయి అంటే, పెండ్లికి అన్నాడు. లుంగీ అంచుకు పల్లేరుకాయలు పట్టుకుని ఉన్నాయి. పానాల సంచి ఎప్పుడూ ఉండే చోట లేదు, గుమ్మం దగ్గర ఎర్రమట్టి అంటుకుని పడి ఉంది. పెళ్లికి పానాలు ఎందుకో నేను అడగలేదు. ఆ ఒక్కరోజు నా నోరు సరిగ్గానే పనిచేసింది.

సెప్టెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం సిరిసిల్లలో మా ఇంటికి పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కరెంటు పోయి వీధిలో మరమగ్గాల సాంచలన్నీ ఆగి ఉన్నాయి. లోపల మా ఆయన దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, టీ ఇస్తే తీసుకున్నాడు. లారీ బాగుచేసే ఆడమనిషి ఉందంటే చూద్దామని వచ్చానన్నాడు. మా లారీ వరకేనని చెప్పాను. చంకలోని న్యూస్‌పేపరు పొట్లం విప్పి మంచం మీద పెట్టాడు.

అది ఒక జీపు క్యాపు. దాని మీద నాలుగు మూడుమూలల చుక్కలు.

"ఈ చుక్కలేమిటమ్మా?" అని అడిగాడు.

"నంబరు సార్. ఇది నాలుగోది."

"కాదు. ఇది ముందు నుంచి మొదటిది. మా మెకానిక్ విప్పి చూశాడు. నాలుగింటికీ తలకిందులుగా కొట్టాడు. పని రానివాడెవడో చేశాడన్నాడు."

"రానోడు కాదు సార్. మా ఉస్తాద్ కుడి నుంచి లెక్కబెడ్తడు."

ఇన్‌స్పెక్టరు తల ఎత్తలేదు. క్యాపును మళ్లీ పేపర్లో చుట్టాడు. చుట్టడం పూర్తయ్యాక, మీ ఉస్తాద్ పేరేమిటని అడిగాడు. చెప్పాను. ఎక్కడా రాసుకోలేదు. మిగిలిన టీ తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ జీపు ఎవరిదో నాకు తెలియదని రాస్తే అది అబద్ధం. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు, కానీ పొట్లం విప్పినప్పుడే పల్లేరుకాయలు నా మనసులో మెదిలాయి. అయినా నోరు ఆగలేదు. ఉస్తాద్‌కు పని రాదని ఎవరో అన్నారు, అది తప్పు లెక్క, సరిదిద్దాను. అంతే జరిగింది.

ఆ చుక్కలు నావేనని చెప్పి ఉండవచ్చు. అదే పంచి నా పెట్టెలో ఉంది, తీసి చూపించి ఉండవచ్చు. గుట్టల్లోకి ఒక ఆడమనిషిని తీసుకుపోయి జీపు బాగుచేయించుకున్నారంటే ఇన్‌స్పెక్టరు నమ్మేవాడు కాదు, కానీ అది తేల్చుకునేసరికి నాలుగు రోజులు గడిచేవి. తెలియదు అని ఊరుకుని ఉండవచ్చు. అన్నిటికన్నా సులువైనది ఇంకొకటి ఉంది. సాయంత్రం ఆరున్నరకు కోరుట్ల బస్సు ఉండేది. తమ్ముణ్ణి ఎక్కించి ఉంటే తొమ్మిదిలోపు ఉస్తాద్‌కు మాట అందేది. బుగ్గారంలో ఆయనకు అక్క ఉంది, అటు పోయి ఉండేవాడు. నేను ఎక్కించలేదు. ఏమీ కాదులే, ఊరికే అడిగిపోయాడు, నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నాను అని నాకు నేను చెప్పుకుంటూ కండెలు చుడుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం పోగు ఒక్కసారి కూడా తెగలేదు.

మరునాడు పొద్దున షెడ్డు నుంచి ఆయన్ను తీసుకుపోయారు. ఏ ఠాణాలో పెట్టారో ఎవరికీ చెప్పలేదు. గుట్టల్లోకి ఆయన ఇష్టపడి పోలేదు. తుపాకి పట్టుకున్నవాళ్లు వచ్చి రమ్మంటే పోయాడు, బండి చూపిస్తే బాగుచేశాడు. ఎవరు చూపించినా చేసేవాడు. కోరుట్ల మార్కెట్ పెద్దలు నలుగురు తిరిగి తిరిగి పంతొమ్మిదో రోజున విడిపించి తెచ్చారు.

నేను పోవడానికి రెండు నెలలు పట్టింది. చెప్పాలనే పోయాను. బస్సులో మాటలు పేర్చుకున్నాను. ఆ చుక్కల సంగతి చెప్పింది నేనే భాయి, కావాలని కాదు, అని. నవంబరు నాలుగో ఆదివారం. షెడ్డు తెరిచే ఉంది. ఒక ట్రాక్టరు ఇంజను ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, ఎడమచేతితో ఇంజను పట్టుకుని లేచాడు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరంవేలు మడత పడడం లేదు. అలవాటుగా పోయి తాటిపత్రి దించబోయాడు. ఒక్క చేతితో ముడి పడలేదు. నేను పోయి కట్టాను.

మా ఆయన ఎట్లా ఉన్నాడని అడిగాడు. లారీకి ఆయిలు మార్చానా అని అడిగాడు. మార్చానని తేదీ చెప్పాను.

"చెల్లె, ఒక మాట అడుగుత."

"అడుగు భాయి."

"వాళ్లు నీ దగ్గరికి గిట్ల అచ్చిండ్రా?"

నేను ఏ మాట చెప్పడానికి బస్సెక్కానో సరిగ్గా ఆ మాటే ఆయన అడిగాడు. అవును అంటే చాలు.

"లేదు" అన్నాను.

ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి బిగుసుకుని ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

"అల్లా సల్లగ సూసిండు. గిసొంటి చుక్కలు కొట్టేటోళ్లు ఇంకెవరున్నరని గదే అడిగిండ్రు, అన్ని దినాలు. ఎవ్వరు లేరన్న. ఎవ్వలకు నేర్పలేదన్న. నాకు నీ భయమే ఉండె. ఆడమనిషివి, మీ ఆయన జూస్తె మంచంల ఉండె" అన్నాడు.

నా సంగతి వాళ్లకు ముందే తెలుసు. మా ఉస్తాద్ అని వాళ్లకు నేనే చెప్పాను. జవాబు తెలిసిన ప్రశ్నే రోజూ అడిగారు, ఆయన రోజూ లేదన్నాడు, అబద్ధమని వాళ్లకు రోజూ తెలుస్తూనే ఉంది. పంతొమ్మిది రోజుల్లో ఎన్ని రోజులు దీనికే పోయాయో నాకు లెక్క తెలియదు. అడిగితే చెప్పేవాడేమో. అడగలేదు.

"గీ నట్టు జర నువ్వు బిగియ్యి" అని పానా నా చేతికి ఇచ్చాడు. వంగి బిగించాను. అరచెయ్యి ఇంజను మీద ఆనించి, "ఇంకో పావు చుట్టు" అన్నాడు. ఇంకో పావు చుట్టు తిప్పాను. సరిపోయిందన్నాడు. కూర్చో చెల్లె, టీ తెప్పిస్తానన్నాడు. బస్సుకు టైమైందని చెప్పి లేచాను. వచ్చే నెల లారీ తీసుకురా, క్లచ్చి చూద్దామన్నాడు. సరేనన్నాను.

బస్సుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఆ నలభై నిమిషాలూ బస్టాండులో నిలబడే ఉన్నాను. వెనక్కి నడిస్తే షెడ్డు ఆరు నిమిషాల దూరం.